లేక్ డిస్ట్రిక్ట్: సరస్సుల సీమలో జనజీవనం, విహార చరిత్ర

లేక్ డిస్ట్రిక్ట్ ఇంగ్లండు వాయవ్య భాగంలో, కంబ్రియా కౌంటీలో విస్తరించిన సరస్సులు, కొండల సీమ. ఆ దేశంలోకెల్లా ఎత్తయిన శిఖరం స్కాఫెల్ పైక్ (978 మీటర్లు), అతి పెద్ద సహజ సరస్సు విండర్‌మియర్, అతి లోతైన సరస్సు వాస్ట్‌వాటర్ ఇక్కడివే. 1951లో ఈ సీమను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2016లో హద్దులు పెంచిన తరువాత దాని విస్తీర్ణం 2,362 చదరపు కిలోమీటర్లకు చేరింది. ఇంగ్లండులో జాతీయ ఉద్యానవనమంటే భారతదేశంలో మాదిరిగా వన్యప్రాణుల కోసం కేటాయించిన అడవి కాదు. భూమిలో ఎక్కువ భాగం రైతులు, ట్రస్టులు, ఇతర యజమానుల చేతిలోనే ఉంటుంది. ఊళ్లు, బడులు, చర్చిలు, సంతలు అన్నీ ఉద్యానవనపు హద్దుల లోపలే సాగుతుంటాయి. దాదాపు 40,000 మంది నివసించే ఈ ప్రాంతానికి ఏటా కోటిమందికి పైగా సందర్శకులు వస్తారు. కవులూ యాత్రికులూ కనుగొన్న సౌందర్యసీమగా దీన్ని వర్ణించడం పరిపాటి అయినప్పటికీ, వారు చూసి మురిసిన దృశ్యంలో పెద్ద పాలు గొర్రెల కాపరుల శ్రమ ఫలితమే.

ఇక్కడి లోయలను తొలిచినవి హిమానీనదాలు, అంటే పేరుకుపోయిన మంచు తన బరువుకు తానే నెమ్మదిగా కిందికి జారే ప్రవాహాలు. చివరి హిమయుగం ముగిసి మంచు కరిగాక, ఆ లోయల అడుగున నీరు నిలిచి పొడవైన సన్నని సరస్సులు ఏర్పడ్డాయి. సీమ నడుమనున్న కొండల గుంపు నుంచి ఇవి అన్ని దిక్కులకూ చీలి ఉండడాన్ని విలియం వర్డ్స్‌వర్త్ బండిచక్రపు ఆకులతో పోల్చాడు. పదో శతాబ్దంలో స్కాండినేవియా మూలాలున్న నార్స్ ప్రజలు వచ్చి, అడవి నరికి పశువుల మేతకు నేల సిద్ధం చేసుకున్నారు; కొండకు ఫెల్, వాగుకు బెక్ అనే వారి మాటలు నేటికీ ఇక్కడి నిత్యవ్యవహారంలో ఉన్నాయి. ఇంటి చుట్టూ లోయ అడుగున పచ్చిక పొలాలు, వాటికి పైన సున్నం గాని మట్టి గాని వాడకుండా రాయిమీద రాయి పేర్చి కట్టిన గోడల మధ్య వాలు భూములు, ఆ పైన కంచెలే లేని ఉమ్మడి మేత కొండలు అనే మూడంచెల వ్యవసాయం శతాబ్దాల మీద స్థిరపడింది.

ఈ వ్యవసాయానికి ఆధారం హెర్డ్‌విక్ జాతి గొర్రె. దీని పిల్ల దాదాపు నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ గోధుమ ఛాయకు, ఆపైన బూడిద రంగుకు మారుతుంది. ముఖం మాత్రం తెల్లబడుతుంది. కంచె లేని కొండమీద వేర్వేరు రైతుల మందలు పక్కపక్కనే మేస్తున్నా కలిసిపోకపోవడానికి కారణం, ప్రతి మందకూ తనదైన మేత తావు తెలిసి ఉండడం. వసంతకాలంలో ఈనిన తల్లి పిల్లను వెంటబెట్టుకొని కొండెక్కుతుంది. ఏ బండ దాకా మేయాలో, ఏ వాగు దాటకూడదో, మంచు తుఫానులో ఎక్కడ తలదాచుకోవాలో ఆ పిల్ల తల్లి వెంట తిరిగే నేర్చుకుంటుంది, తాను పెద్దదై తన పిల్లకు నేర్పుతుంది. హెఫ్టింగ్ అని పిలిచే ఈ అలవాటు గొర్రెలను కొని తెచ్చి వదిలినంత మాత్రాన రాదు. అందుకే అనేక పొలాల విషయంలో మంద భూమితో పాటే ఉండిపోతుంది: కౌలుదారు వెళ్లిపోయేటప్పుడు, తాను వచ్చిననాడు ఎన్ని గొర్రెలను అందుకున్నాడో అన్నింటిని తరువాతి కౌలుదారుకు అప్పగించాలి.

అయినా కొన్ని గొర్రెలు దారి తప్పుతాయి. వాటిని గుర్తించడానికి ఉన్నిమీద రంగు ముద్రలు, చెవులకు కోతలు వాడుతారు; ఏ పొలానిది ఏ గుర్తో బొమ్మలతో చూపే కాపరుల మార్గదర్శిని 1817లోనే అచ్చయింది. శరదృతువులో లోయల వారు ఒకచోట కూడి, తప్పిపోయి వచ్చిన గొర్రెలను యజమానులకు అప్పగించే కాపరుల కూటములు ఈ సీమ సామాజిక జీవితంలో ముఖ్యమైన ఘట్టాలు. పొట్టేళ్ల ప్రదర్శన, కుక్కల పందేలు, విందు, పాటలు వాటికి జతకూడి క్రమంగా జాతరలయ్యాయి.

బయటివారి దృష్టి ఈ సీమమీద పడింది పద్దెనిమిదో శతాబ్దంలో. 1769లో కవి థామస్ గ్రే ఇక్కడ పర్యటించి రాసిన విశేషాలూ, 1778లో వెలువడిన థామస్ వెస్ట్ మార్గదర్శిని పుస్తకమూ సంపన్నులలో ఉత్సాహం రేపాయి. ఏ తావున నిలబడి చూస్తే సరస్సు చిత్రపటంలా కనిపిస్తుందో వెస్ట్ ఒక్కొక్కటిగా నిర్దేశించాడు. నాటి యాత్రికులు అక్కడ సరస్సుకు వీపు పెట్టి, రంగు పూసిన చిన్న కుంభాకార దర్పణంలో దాని ప్రతిబింబం చూసి ఆనందించేవారు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ లొరాన్ చిత్రాల్లోని మెత్తని వెలుగును తలపిస్తుందని ఆ అద్దానికి అతని పేరు పెట్టుకున్నారు. నెపోలియన్ యుద్ధాలు ఐరోపా ప్రయాణాలకు అడ్డుపడడంతో స్వదేశంలోని ఈ కొండలకు ఆదరణ మరింత పెరిగింది.

ఇక్కడి కాకర్‌మౌత్‌లోనే 1770లో పుట్టిన వర్డ్స్‌వర్త్ 1799లో గ్రాస్‌మియర్‌లో స్థిరపడి, 1850లో మరణించేదాకా ఈ లోయల్లోనే జీవించాడు. తెలుగు పాఠకులకు ఆయన కాలేజీ ఆంగ్ల పాఠాల ద్వారా పరిచితుడే కాక, రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి ప్రభృతుల భావకవిత్వానికి ప్రేరణనిచ్చిన ఆంగ్ల కాల్పనిక కవులలో ఒకడు. 1810లో తొలిరూపం దాల్చిన ఆయన సరస్సుల మార్గదర్శినిలో, ఈ సీమ ఒక విధమైన జాతి ఆస్తి అనీ, చూసే కన్నూ ఆస్వాదించే మనసూ ఉన్న ప్రతివారికీ ఇందులో హక్కు ఉందనీ చేసిన ప్రతిపాదన తరువాతి పరిరక్షణ ఉద్యమాలకు మూలమైంది. అదే కవి 1844లో రైలుమార్గ నిర్మాణాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. కార్మికులను గుంపులుగా రైళ్లలో తెచ్చి దింపడం వల్ల వారికీ మేలు జరగదని వాదించాడు. ఈ రెండు మాటలూ పొసగవు. 1847లో రైలు విండర్‌మియర్ చేరింది. స్టేషను చుట్టూ కొత్త పట్టణమే వెలిసింది, లాంకషైర్ మిల్లుల కార్మికులకు ఏడాదికొకసారైనా స్వచ్ఛమైన గాలి పీల్చే వీలు కలిగింది. కన్ను, మనసు ఉన్నవారందరి హక్కు నిజంగా అమలులోకి వచ్చింది ఆ రైలు వల్లనే అనడం న్యాయం.

పారిశ్రామిక నగరాలకు కావలసింది విహారం మాత్రమే కాదు, మంచినీరు కూడా. థర్ల్‌మియర్ సరస్సుకు ఆనకట్ట కట్టి నీటిని తరలించేందుకు మాంచెస్టర్ నగర పాలకసంస్థ 1879లో పార్లమెంటు అనుమతి సాధించింది; స్థానికులు, రచయితలు కలిసి ప్రతిఘటించినా 1894లో నీరు నగరానికి చేరింది. హాస్‌వాటర్ ఆనకట్ట కోసం 1930ల్లో మార్డేల్ గ్రామాన్నే ఖాళీ చేయించారు. చర్చిని కూల్చి, శ్మశానంలోని అస్థికలను షాప్ గ్రామానికి తరలించి, ఊరిని ముంచేశారు. వానలు ముఖం చాటేసిన ఏడాది జలాశయం అడుగంటితే ఆ ఊరి రాతిగోడలు, వంతెన బయటపడతాయి.

ప్రజలకు నడిచే హక్కు కోసం కూడా పోరాటాలు జరిగాయి. 1887లో కెజిక్ పట్టణం దగ్గరి లాట్రిగ్ కొండకు వెళ్లే బాటను భూస్వాములు మూసివేయగా, దాదాపు 2,000 మంది అడ్డంకులు తొలగించుకుంటూ శిఖరానికి నడిచారు. స్థానిక మతాచార్యుడు హార్డ్‌విక్ రాన్‌స్లీ ఇటువంటి పోరాటాలలో ముందు నిలిచి, 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్‌లతో కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించాడు. అందమైన భూములను, పాత కట్టడాలను కొని ప్రజల పేర శాశ్వతంగా కాపాడే సంస్థ ఇది. డెర్వెంట్‌వాటర్ ఒడ్డున ఉన్న బ్రాండెల్‌హౌ వనాన్ని 1902లో ప్రజల చందాలు 6,500 పౌండ్లతో కొనడం ఈ సీమలో దాని తొలి విజయం.

కొండలెక్కడం క్రీడగా రూపొందిన తావులలో లేక్ డిస్ట్రిక్ట్ ఒకటి. 1886లో వాల్టర్ హాస్కెట్ స్మిత్ నేప్స్ నీడిల్ అనే రాతి స్తంభాన్ని ఒంటరిగా, తాడు లేకుండా ఎక్కడాన్ని బ్రిటిష్ శిలారోహణకు ఆరంభంగా చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన తమ సభ్యుల స్మృతిగా ఇక్కడి ఆరోహకుల సంఘం 1923లో గ్రేట్ గేబుల్ శిఖరాన్నీ, చుట్టుపక్కల కొండలనూ కొని ట్రస్టుకు అప్పగించింది. ఇంతకన్నా ఉదాత్తమైన స్మారకం అరుదు: ఎక్కదలచిన ప్రతివారికీ దారి తెరిచి ఉంచడమే అక్కడ నివాళి. కెజిక్ వాసి బాబ్ గ్రాహం 1932లో 42 శిఖరాలను 24 గంటలలోపు చుట్టివచ్చాడు. ఆ మార్గాన్ని పరుగుతో పూర్తిచేయడం నేటికీ పర్వత పరుగు క్రీడాకారులకు గీటురాయి. కొండలమీద గాయపడినవారిని, దారి తప్పినవారిని అర్ధరాత్రి అయినా వెతికి తెచ్చే రక్షక బృందాలు 1947 నుంచి రూపుదిద్దుకున్నాయి. వాటిలో పనిచేసేవారంతా జీతం తీసుకోని స్థానికులే.

బాలసాహిత్య రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1905లో హిల్ టాప్ పొలం కొని, క్రమంగా రచన తగ్గించి హెర్డ్‌విక్ పెంపకానికే అంకితమైంది. కొండ పొలాలు విడివిడిగా అమ్ముడై విల్లాలుగా మారుతున్న కాలంలో ఆమె ఒక్కొక్కటే కొనుగోలు చేసి, 1943లో మరణించేనాటికి 4,000 ఎకరాలకు పైగా భూమిని ట్రస్టుకు రాసి ఇచ్చింది. కొండలపై మేసే మందలు హెర్డ్‌విక్ జాతివే అయి ఉండాలని కోరింది. పుస్తకాల కన్నా ఈ సీమకు ఆమె చేసిన పెద్ద మేలు ఇదే.

1955-66 మధ్య ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ 214 కొండల బాటలను, బొమ్మలు సహా ప్రతి పుటనూ స్వహస్తంతో రాసి ఏడు సంపుటాలుగా వెలువరించాడు. కెండల్ పురపాలక కార్యాలయంలో పద్దులు రాసే ఈ ఉద్యోగి పుస్తకాలు వేలాది మందిని కొండలవైపు నడిపించాయి.

స్థానికుల వేడుకల్లో గ్రాస్‌మియర్ క్రీడలు పేరుమోసినవి. ఇక్కడి కుస్తీలో ఇద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించి, ఎదుటివాని కుడి భుజంపై గడ్డం మోపి, అతని వీపు వెనుక చేతులు పెనవేస్తారు. పట్టు వదిలినవాడు గాని, పాదాలు తప్ప మరే అవయవమైనా నేలను తాకినవాడు గాని ఓడినట్టే. సోంపు నూనె తడిపిన గుడ్డను మైళ్ల దూరం కొండలమీదుగా ఈడ్చి, ఆ వాసన వెంట వేటకుక్కలను పరుగెత్తించే పందెం మరొకటి. చర్చిలకు మట్టి నేలలున్న రోజుల్లో ఏటా కొత్త తుంగ పరిచే ఆచారం, రాతి నేలలు వచ్చాక కూడా, పిల్లలు తుంగ, పూలు మోసుకెళ్లే ఊరేగింపుగా మిగిలింది.

2001లో దేశాన్ని కుదిపిన గాలికుంటు వ్యాధి నివారణ కోసం పెద్దసంఖ్యలో గొర్రెలను చంపవలసి వచ్చినప్పుడు, మేత తావులు ఎరిగిన మందలే కొన్నిచోట్ల అంతరించాయి. 2005లో విండర్‌మియర్‌పై పడవల వేగాన్ని గంటకు పది నాటికల్ మైళ్లకు పరిమితం చేయడంతో వేగ పడవల వ్యాపారులు నష్టపోయినా, తెరచాప పడవలకు, ఈతగాళ్లకు సరస్సు తిరిగి దక్కింది. 2015 డిసెంబరులో హోనిస్టర్ కనుమ వద్ద 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన కురిసి రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. 2017లో యునెస్కో ఈ సీమను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు కాపరుల వ్యవసాయం, కళాసాహిత్యాలు, పరిరక్షణ ఉద్యమం అనే మూడింటినీ కలిపి ప్రాతిపదికగా తీసుకుంది.

నేడు అన్నింటికన్నా తీవ్రమైనది ఇళ్ల సమస్య. సెలవుల కోసం కొనుక్కునేవారి పోటీవల్ల ధరలు స్థానిక వేతనాలకు అందనంత పెరగడంతో, కొన్ని గ్రామాల్లో చలికాలమంతా సగానికి సగం ఇళ్లు తాళాలు వేసే ఉంటున్నాయి. పిల్లలు లేక బడులు మూతపడుతున్నాయి, హోటళ్లలో పనిచేసేవారు దూరపు పట్టణాల నుంచి రావలసి వస్తోంది. కొత్తగా కట్టే ఇళ్లలో చాలావాటిని ఈ ప్రాంతంలో నివసించేవారికి, ఇక్కడ పనిచేసేవారికి మాత్రమే పరిమితం చేసే నిబంధనను ఉద్యానవన పాలకమండలి అమలుచేస్తోంది. అయితే అప్పటికే కట్టి ఉన్న పాత ఇళ్లకు ఆ నిబంధన వర్తించదు.