పాట ఎవరిది? పలుకుబడి ఎవరిది?

బతుకమ్మ సెలవులకు రెండు రోజుల ముందు కోరుట్లలో విద్యార్థుల సాహిత్య గోష్ఠి ఒకటి జరిగింది. గోష్ఠి ముగిసిన తర్వాత మేము ఏడెనిమిది మందిమి ఒక చాయ్ హోటల్లో కూర్చున్నాము. జగిత్యాల నుండి వచ్చినవారు కొందరు, సిరిసిల్ల నుండి వచ్చినవారు కొందరు, తక్కినవారు ఆ ఊరివారే. వారిలో ఒక కుర్రవాడు పాశ్చాత్యుల రాక్ సంగీతమంటే చెవి కోసుకుంటాడు. అందరికంటె ఎక్కువ ప్రభావం చూపినవారు బీటిల్స్ బృందమేనని అతని వాదం. పాటకు నోబెల్ బహుమానం తెచ్చిన బాబ్ డిలాన్‌ను మించినవాడెవడని మరొకడు అడిగాడు. మూడవవాడు బల్ల గుద్ది, మనకు గద్దర్ ఉండగా ఈ పరాయి లెక్కలెందుకన్నాడు. అప్పటిదాకా మాట్లాడక కూర్చున్న ఒక అమ్మాయి ఇలా అన్నది: “సార్, మా అమ్మమ్మ బీడీలు చేసుకుంటనే పాడుతది. వాడకట్టు ఆడోళ్ళంతా ఆమె దగ్గరనే నేర్చుకున్నరు. ఆమె పేరు ఏ లిస్టుల ఉన్నది?”

నేను సమాధానం చెప్పలేకపోయాను. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివి, తరగతిలో ప్రతి ఏడాదీ “ప్రభావం” అనే మాటను ఎన్నోసార్లు వాడేవాడిని. ఫలానా కవిపై ఫలానా కవి ప్రభావమని బోర్డు మీద గీతలు గీసేవాడిని. ఆ గీతలు ఎప్పుడూ ఒక గ్రంథం నుండి మరొక గ్రంథానికే పోయేవి తప్ప, ఒక నోటి నుండి మరొక నోటికి పోయిన గీత ఒక్కటీ నేను గీయలేదు. ఈ వ్యాసం ఆ తప్పును దిద్దుకొనే ప్రయత్నం.

ముందు ప్రభావమంటే ఏమిటో తేల్చుకోవాలి. అమ్ముడుపోయిన రికార్డులను, పోగైన జనాన్ని లెక్కించడం వ్యాపారి కొలత. సాహిత్య విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్నలు మూడున్నాయి. ఒకటి, ఈ కళాకారుని తర్వాత వచ్చినవారు వాడుకోదగిన రూపం ఏదైనా మిగిలిందా? రెండు, వినేవాడు పాడేవాడు అయినాడా? మూడు, కర్త పేరు చెరిగిపోయినా పాట బ్రతికిందా? మూడవ ప్రశ్నలో ఒక విషాదం దాగి ఉన్నది. పాట ఎంతగా ప్రజలదైతే, దానికి ప్రాణం పోసినవాని పేరు అంతగా మరుగున పడుతుంది.

మొదట ఆ కుర్రవాడు చెప్పిన రాక్ సంగీతాన్నే తీసుకుందాము. ఆ సంగీతానికి తల్లివేరు అమెరికా నల్లజాతి శ్రమజీవుల బ్లూస్ పాట. మిసిసిపీ పత్తి చేలలో పెరిగిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో నగరానికి వలస పోయాడు. అక్కడి సారాయి క్లబ్బుల గోలలో మామూలు గిటారు ఎవరికీ వినబడేది కాదు. అందుచేత అతడు విద్యుత్ గిటారు పట్టాడు. ఒక కొత్త సంగీతరూపం పుట్టుకకు ఒక మహానుభావుని మనసులో మెరిసిన మెరుపు ఎంత కారణమో, పల్లె నుండి పరిశ్రమల నగరానికి సాగిన వలస అంత కారణం. 1950లో అతడు ఇచ్చిన ఒక పాట పేరునే 1962లో లండన్ కుర్రవాళ్ళు తమ బృందానికి పెట్టుకొన్నారు. వారే రోలింగ్ స్టోన్స్. బీటిల్స్ తమ తొలి రోజుల్లో చక్ బెర్రీ పాటలు పాడుతూ ఎదిగారు. డిలాన్ ఉడీ గత్రీని గురువుగా తలచి పాట మొదలుపెట్టాడు.

ఇంత స్పష్టంగా వంశవృక్షం కనబడుతూ ఉండగా, గౌరవం మాత్రం ఎవరికి దక్కింది? “హౌండ్ డాగ్” అనే పాటను బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లో పాడి రికార్డు చేసింది. 1956లో అదే పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడగా లోకం ఊగిపోయింది. అయితే ఒక్కమాట: ఆ పాటను రాసినవారు ఇద్దరు తెల్లజాతి యువకులు. కనుక “నల్లవారి పాటను తెల్లవారు దొంగిలించారు” అనే ఒక్క వాక్యంతో చరిత్ర తేలదు. పాట రాసినవాడు ఒకడు, దానికి కంఠమిచ్చినది మరొకతె, దానిపై కీర్తి గడించినవాడు ఇంకొకడు. మార్కెట్టు ఈ ముగ్గురిలో ఒక్కని ముఖాన్నే అట్టమీద అచ్చు వేసుకొంటుంది.

అమెరికాలో రాక్ కళాకారుల కీర్తిమందిరం సంస్థ 1983లో ఏర్పడింది. 1986లో ప్రదర్శకుల తరగతిలో పదింటిని తొలి విడతగా ఎన్నుకొన్నారు. అందులో ఒక్క స్త్రీ లేదు. చర్చిలలో భక్తిగీతాలకు గిటారు వాయించి రాక్ సంగీతానికి బాట వేసిన సిస్టర్ రోజెట్టా థార్ప్ 1973లో మరణించింది. ఆ మందిరంలో ఆమెకు చోటు 2018లో దొరికింది. 1984లో కన్నుమూసిన థార్న్‌టన్‌కు 2024లో దొరికింది. నలభయి ఏళ్ళు! విల్లీ డిక్సన్ అనే బ్లూస్ రచయిత తన పాటను వాడుకొన్నారని లెడ్ జెప్లిన్ బృందంపై 1985లో దావా వేయవలసి వచ్చింది. అది 1987లో రాజీతో ముగిసింది. జాబితాలు చరిత్రను నమోదు చేసేవి మాత్రమే కావు, చరిత్రలోంచి మనుషులను తొలగించేవి కూడా.

ఇక మన గడ్డకు వద్దాము. మన పాట కథ దీనికి భిన్నమా?

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ప్రజానాట్యమండలి కూడా ఆ ఏటిదే. షేక్ నాజర్ బుర్రకథను ఆయుధంగా మలచాడు. తంబురా పట్టిన కథకుడు, ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం పలికితే మరొకరు రాజకీయం చెప్పడం అనే చట్రం అతని చేతిలో ఎంత పదునెక్కిందంటే, ఆ తర్వాత ఎవరు ఏ ఉద్యమం నడిపినా ఆ చట్రాన్ని తడమకుండా పోలేదు. తెలంగాణా సాయుధ పోరాట కాలంలో, 1946-51 నడుమ, సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పట్టుకొన్నాడు. గొల్లసుద్దులు అతడు పుట్టించినవి కావు. గొర్రెల మందల వెంట నడిచిన కులాల నోట తరతరాలుగా ఉన్నవి. ఆ రూపంలో దొరను నిలదీయవచ్చునని చూపడమే హనుమంతు చేసిన గొప్ప పని.

ఆ పోరాటంలోనే పుట్టి, నైజాము ప్రభువును గద్దె దిగమని హెచ్చరించే పాట బండి యాదగిరిదిగా ప్రసిద్ధం. 1980లో విడుదలైన “మా భూమి” చిత్రంలో గద్దర్ తెరమీద కనబడి ఆ పాట పాడాడు. ఇవాళ మా తరగతిలో ఆ పాట ఎవరిదని అడిగితే చాలామంది గద్దర్‌దేనంటారు. ఇది థార్న్‌టన్, ప్రెస్లీల కథ వంటిదేనా? కాదని నా అభిప్రాయం. అక్కడ పాట చేతులు మారినప్పుడు సొమ్ము కూడా చేతులు మారింది. ఇక్కడ పాట ఒక పోరాటం నుండి దాని వారసత్వపు పోరాటానికి నడిచింది. అయినా యాదగిరి పేరు మరుగున పడడం మాత్రం నిజం. దోపిడీ లేనంత మాత్రాన మతిమరుపు నేరం కాకుండా పోదు.

1972లో జననాట్యమండలి ఏర్పడింది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్‌గా మారి, గొంగడి, కర్ర, గజ్జెలతో సభలకు వచ్చాడు. దళితవాడల డప్పును వేదిక నడుమకు తెచ్చాడు. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు పల్లెపల్లె నుండి తరలివచ్చిన జగిత్యాల జైత్రయాత్ర వెనుక వెట్టిచాకిరీ, దొరల దండుగలు, జీతగాళ్ళ బాకీలు, బంజరు భూముల తగాదాలు ఉన్నాయి. ఆ ఏడు అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో అక్షరం రాని కూలీకి కరపత్రం చేయలేని పనిని పాట చేసింది. గద్దర్ పాటలో పల్లవిని జనం అందుకోక తప్పదు; అందుకొన్నవాడు ప్రేక్షకుడుగా మిగలడు. నా రెండవ ప్రశ్నకు తెలుగు నేలమీద ఇంత నిండైన సమాధానం మరొకరు ఇవ్వలేదు. 2023 ఆగస్టు 6న అతడు మరణించినప్పుడు, అతని చివరినాళ్ళ రాజకీయాలను ఒప్పుకోనివారు కూడా అతని పాట పాడుకొంటూనే ఏడ్చారు.

మరి గద్దరే అందరికంటె పెద్దవాడని తేల్చివేద్దామా? ఇక్కడ నేను సిరిసిల్ల వైపు చూడవలసి వస్తున్నది. వేములవాడ దగ్గరి హనుమాజీపేట ఇద్దరు కళాకారులను కన్నది. ఒకరు సి. నారాయణరెడ్డి, 1988 జ్ఞానపీఠ గ్రహీత. మరొకరు ఒగ్గుకథకుడు మిద్దె రాములు. మా పాఠ్యప్రణాళికలో నారాయణరెడ్డిగారి కావ్యముంది, రాములు పేరు లేదు. కాని మల్లన్న కథను, ఎల్లమ్మ కథను డోలు దెబ్బ మీద రాత్రంతా నిలబెట్టిన ఒగ్గువారి నడక, విరుపు, పాత్రలోంచి కథలోకీ కథలోంచి పాత్రలోకీ దూకే నేర్పు మన ఉద్యమ గాయకుల ఒంటిలో ఉన్నవి. ఉద్యమం ఆ నేర్పును తీసుకొన్నది. ఒగ్గు పూజారికి, చిందు కళాకారిణికి, డప్పు కొట్టేవానికి తిరిగి ఏమి ఇచ్చింది? వారి రూపం ఎర్రజెండా కిందికి వచ్చింది, సరే. వారి పేరు మన విమర్శవ్యాసాలలోకి వచ్చిందా? ఈ ప్రశ్న అభ్యుదయవాదులమని చెప్పుకొనే మనమే మనకు వేసుకోవాలి.

సిరిసిల్ల మరొక పాఠం కూడా చెబుతుంది. చేమగ్గం మీద నేసేవాడు రాగం తీయగలడు. నాడె పోకకు లయ ఉన్నది. మరమగ్గాలు, అంటే అక్కడివారు సాంచెలనేవి, వచ్చిన తర్వాత ఆ షెడ్డులో పక్కవాని మాటే వినబడదు, ఇక పాట ఎక్కడిది? షికాగో గోల విద్యుత్ గిటారును పుట్టించగా, సాంచె గోల పాటను మింగివేసింది. యంత్రం ఒక్కటే పాట భవితవ్యాన్ని నిర్ణయించదన్నమాట. పని ముగిసిన తర్వాత శ్రామికునికి తీరిక, గుమికూడే చోటు, చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయా అన్నది నిర్ణయిస్తుంది. కోరుట్లలో, జగిత్యాలలో బీడీలు చుట్టే పని చప్పుడు లేనిది. ఒళ్ళో చాట పెట్టుకొని నలుగురు స్త్రీలు ఒక అరుగు మీద కూర్చుంటే చేయి ఆకు మీద ఉంటుంది, నోరు ఖాళీగా ఉంటుంది. బతుకమ్మ ఉయ్యాల పాట అక్కడ ఏడాది పొడుగునా బ్రతికింది. ప్రత్యేక తెలంగాణా ఉద్యమంలో ధూంధాం సభలు ఆ వరుసలనే ఎత్తుకొన్నాయి. విద్యార్థిగా నేనూ ఆ సభల్లో గొంతు కలిపాను. ఆ వరుస ఎవరి అరుగు మీది నుండి వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. భువనగిరి ప్రాంతపు బెల్లి లలిత ఆ జానపద స్వరంతో రాజకీయ సభల నడుమకు వచ్చిన స్త్రీ. 1999లో ఆమెను హత్య చేశారు. ప్రభావం లేని గొంతును ఎవరూ అంత క్రూరంగా ఆపరు.

“అయితే చరిత్రలో వ్యక్తికి పాత్ర లేదా?” అని మిత్రులు అడగవచ్చు. 1898లో ప్లెహనోవ్ ఈ ప్రశ్న మీదనే ఒక వ్యాసం రాశాడు. వ్యక్తి ప్రవాహాన్ని పుట్టించడు. కాని తక్కినవారికంటె ముందు చూసి, దానికి గండి ఎక్కడ కొట్టాలో చూపగలడు. నాజర్, హనుమంతు, గద్దర్ అటువంటివారు. చక్ బెర్రీ అటువంటివాడు. నన్ను ఎంచుకోక తప్పదంటే రాక్ సంగీతంలో చక్ బెర్రీ పక్షం వహిస్తాను. బీటిల్స్‌కు సైతం పలక మీద అక్షరాలు దిద్దించినది అతని గిటారు. మన దగ్గర, రూపం దృష్ట్యా హనుమంతుకు మొదటి పీట వేస్తాను. కులవృత్తి గానాన్ని వర్గపోరాట గానంగా మార్చవచ్చునని తెలంగాణా పల్లెలో చూపినవాడు అతడు. జనాన్ని గాయకులుగా మార్చడంలో గద్దర్‌కు సాటి లేదు. ఇక మూడవ ప్రశ్న, పేరు చెరిగినా బ్రతికిన పాట ఎవరిదన్నది, ఆ అమ్మమ్మ పక్షాన తీర్పు చెబుతుంది. ఇది మర్యాదకు అన్నమాట కాదు. ఆమె వరుస లేకపోతే ధూంధాం లేదు. ఒగ్గు డోలు లేకపోతే గద్దర్ అడుగు లేదు.

ఆనాడు చాయ్ హోటల్లో మేము ఒక ఒప్పందానికి వచ్చాము. సెలవులకు ఇంటికి పోయిన ప్రతి విద్యార్థీ తన ఇంట్లోనో వాడకట్టులోనో పాడే ఒకరి దగ్గర కూర్చుని మూడు పాటలు రాసుకొని రావాలి. పాటతోపాటు పాడినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు, ఏ పని చేస్తూ పాడేవారో కూడా రాయాలి. సెలవులు ముగిసేసరికి తొమ్మిది నోటుపుస్తకాలు నా బల్ల మీద ఉన్నాయి. ఆ అమ్మాయి పుస్తకంలో మొదటి పుటలో అమ్మమ్మ పేరు, ఆమెకు పాట నేర్పిన మేనత్త పేరు, ఆ మేనత్త నాట్లకు పోయిన ఊరి పేరు ఉన్నాయి. అంతకు ముందరి పేరు తెలియదని, ఆ చోటు ఖాళీగా వదిలిపెట్టింది. మా తరగతి బోర్డు మీద నేను గీసే గీత ఈ ఏడు ఆ ఖాళీచోటు నుండి మొదలవుతుంది.