విశ్వవిద్యాలయ జీవితంలో సర్దుబాటు

ఇల్లు విడిచి ఉన్నత విద్యలో చేరిన విద్యార్థి కొత్త చదువుకు, మనుషులకు, వసతికి అలవాటుపడే క్రమం. అమెరికా మనస్తత్వవేత్తలు రాబర్ట్ బేకర్, బోదాన్ సిరిక్ 1984లో దీన్ని చదువు, స్నేహాలు, మనఃస్థితి, సంస్థతో అనుబంధం అనే నాలుగు వైపుల నుంచి కొలిచారు. అదే ఏడాది రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ ఒత్తిడిని తట్టుకునే తీరులో రెండు పాయలు చూపారు: సమస్యను చక్కదిద్దుకోవడం, అది రేపిన కలతను తగ్గించుకోవడం. పరీక్ష తప్పి బ్యాక్‌లాగ్ పడ్డాక సీనియర్‌తో పాఠం చెప్పించుకోవడం మొదటిది, అమ్మకు ఫోన్ చేయడం రెండోది. చాలామంది ఒకే సాయంత్రం రెండూ చేస్తారు.

ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివిన తెలుగు విద్యార్థికి హాస్టల్ కొత్త కాదు. వెంటపడి చదివించేవారు లేకపోవడమే కొత్త. తెలుగు మాధ్యమం వారికి ఇంగ్లిష్ పాఠాలు అదనపు బరువు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానిది వేరే కథ. దాని కింద మొదలైన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలకు పిల్లలు పదో తరగతి కాగానే, ఎక్కువగా పల్లెల నుంచి, ఆరేళ్ల కోర్సుకు వస్తారు. అంటే ఈ సర్దుబాటు పదిహేనేళ్ల వయసులోనే మొదలవుతుంది.

కొత్తవారిని సీనియర్లు వేధించే ర్యాగింగ్‌ను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చట్టంతో నిషేధించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోన్ సేవ (14416) మానసిక సహాయాన్ని తెలుగులోనూ ఉచితంగా అందిస్తోంది.