జీతం గుట్టు ఎవరి కోసం?

ఇంటర్వ్యూలో "ఇప్పుడెంత వస్తోంది మీకు?" అని అడుగుతారు. మామూలు ప్రశ్నలాగే వినిపిస్తుంది. పాత చోట జరిగిన అన్యాయాన్ని కొత్త చోటికి మోసుకెళ్లే ప్రశ్న అది. అమెరికాలో దీని మీద నడిచిన పోరాటం మన విద్యార్థులకి తెలియాలి.

తోటి పనివాళ్లతో జీతాల గురించి మాట్లాడుకునే హక్కుని అక్కడ 1935 కార్మిక చట్టమే కాపాడింది. కానీ పొలం పనివాళ్లనీ ఇంటి పనివాళ్లనీ బయటే ఉంచింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పనులు ఎక్కువగా చేసింది నల్లజాతివాళ్లే. బయట ఉంచేది ఎవరినో మనకి కొత్తగా చెప్పాలా?

అలబామాలోని గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో 1979లో చేరిన లిల్లీ లెడ్‌బెటర్‌కి తన జీతం ఎంత తక్కువో దాదాపు ఇరవయ్యేళ్లకి, పేరులేని ఒక చీటీ వల్ల తెలిసింది. 1997 చివర్లో ఆమెకి నెలకి 3,727 డాలర్లు. అదే హోదాలో ఉన్న మగవాళ్లలో అందరికన్నా తక్కువ తీసుకునేవాడికి 4,286. ఆమె కోర్టుకెళితే 2007లో సుప్రీంకోర్టు 5-4తో "ఆలస్యమైంది" అంది. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపే ఫిర్యాదు చెయ్యాలట! దాచిపెట్టినదాని మీద గడువులోపు ఫిర్యాదు ఎట్లా చేస్తారు? 2009లో ఆమె పేరుతో వచ్చిన చట్టం, తక్కువ జీతం చేతికందిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలయ్యేట్టు చేసింది. గుట్టు మాత్రం గుట్టుగానే ఉండిపోయింది.

దాన్ని విప్పింది రాష్ట్రాలు. పాత జీతం అడగొద్దని మసాచుసెట్స్ 2016లో చట్టం చేసింది. 2021 జనవరి 1 నుంచి కొలరాడోలో ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత దాకానో రాయాలి. కొన్ని కంపెనీలు ఏం చేశాయంటే, ఇంటి నుంచి చేసే ఉద్యోగాలకి కొలరాడోవాళ్లు అప్లై చెయ్యొద్దని రాశాయి! అంకె చెప్పడం అంత కష్టమన్నమాట.

2023 జనవరి 1న కాలిఫోర్నియా, వాషింగ్టన్ కూడా చేరాయి. పదిహేను మంది, అంతకు పైన ఉద్యోగులుంటే చాలు, వర్తిస్తుంది. మరుసటి నెలలోనే అదే వాషింగ్టన్‌లోని సియాటెల్ కులవివక్షని నిషేధించింది. రెండిటినీ కలిపి చదవాలంటాను. ఎంత అడగాలి, ఎక్కడ బేరం తెగుతుంది అనే కబురు మనవాళ్లలో బావలు, బాబాయిలు, రూమ్మేట్ల ద్వారానే కదా నడిచేది. ఆ చుట్టరికం లేని మాదిగ పిల్ల ఊహించి ఒక అంకె చెబుతుంది, తక్కువే చెబుతుంది. ప్రకటనలో అంకె ఉంటే ఆమెకీ అదే కబురు అందుతుంది.

చట్టంలో కంతలున్నాయి. ప్రకటనే ఇవ్వకుండా రిఫరల్ మీద తీసుకుంటే ఈ నిబంధన ఏం చేస్తుంది? కొలరాడో ఇక్కడ ఒకడుగు ముందుంది: ఖాళీ ఏర్పడితే ఉన్న ఉద్యోగులందరికీ తెలియజెయ్యాలి. దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు గానీ, నా లెక్కలో ఇదే అసలు నిబంధన. కాలిఫోర్నియాలోనైతే పనిచేస్తున్నవాళ్లు తమ పోస్టుకి జీతం ఎంత నుంచి ఎంత దాకా ఉందో అడగొచ్చు, యజమాని చెప్పి తీరాలి. అక్కడున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రాతపూర్వకంగా అడగండి.