ఈస్టు కణము – దాని పెరుగుదల చరిత్ర

మన సంఘం ఉగాది సంచికలో గనుల చరిత్ర గూర్చీ, కోలారమ్మ గుడి గూర్చీ పెద్దలు ఇదివరకే వ్రాసి ఉన్నారు. నేను మెట్రిక్కు వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాడను, శాస్త్రజ్ఞుడను కాను. అయినప్పటికీ ఈ యేడు ఈస్టు అనే సూక్ష్మజీవి చరిత్రను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను. తప్పులుంటే చదువరులు మన్నింతురు గాక.

దీనికి మూలం మా మేనమామ. ఆయన రాబర్ట్‌సన్‌పేటలో ఒక బేకరీలో పిండి పిసికేవాడు. గోరువెచ్చని నీళ్లలో కాస్త చక్కెర వేసి, ఈస్టు కలిపి, నురగ పొంగేదాకా గిన్నె వంక చూస్తూ కూర్చునేవాడు. "చక్కెర ఉన్నంతసేపేరా అబ్బాయి దీని సంబరమంతా" అనేవాడు. చక్కెర అయిపోయిన తరువాత ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అసలు ప్రశ్న అదేనని చాలా ఏండ్లకుగాని నాకు తెలియలేదు.

ఈత కల్లు పొంగేదీ, రొట్టె ఉబ్బేదీ ఈ జాతి జీవుల వల్లనే. 1680లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ వీటిని తన భూతద్దంలో చూచినాడు గాని ప్రాణులని గుర్తించలేదు. 1837లో ఫ్రాన్సులో కన్యార్ లాటూర్, జర్మనీలో ష్వాన్ ఇవి ప్రాణమున్నవేనన్నారు. గొప్ప రసాయన శాస్త్రజ్ఞులు కొందరు నవ్వినారు. 1857 మొదలు పాశ్చరు చేసిన పరిశోధనలతో ఆ నవ్వు ఆగింది. మన పక్కనే బెంగుళూరులో, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, 1940ల నాడే ఎం. కె. సుబ్రహ్మణ్యం గారు ఈస్టు క్రోమోసోములను సూక్ష్మదర్శినిలో పట్టుకొనుటకు పాటుపడ్డారు. అవి అంత సులభంగా కంటికి చిక్కేవి కావు. మొత్తం 16 అని తరువాతి కాలంలో తేలింది. 1996 నాటికి వాటిలోని సుమారు 6000 జన్యువులూ అక్షరం అక్షరం చదవబడినవి.

జన్యువును మా ఆఫీసు రికార్డు రూములోని ఫైలు వంటిదనుకోండి. ఫైలు ఉన్నంత మాత్రాన పని జరగదు. దానికి నకలు తీసి సెక్షనుకు పంపితేనే పని. కణం ఏ వేళ ఏ ఫైలుకు ఎన్ని నకళ్లు తీస్తుందన్నదే అసలు కిటుకు.

ఇక పెరుగుదల సంగతి. అమెరికాలో సియాటిల్ నగరాన హార్ట్‌వెల్ అనే ఆయన, తన సహచరులతో కలిసి 1977లో ఒక మాట తేల్చినారు. ఈస్టు కణం తగినంత పెద్దదైతేగాని రెండు కావడానికి పూనుకోదు. ముందు ఒళ్లు, ఆ తరువాతనే సంతానం. ఒళ్లు పెరగాలంటే ప్రోటీన్లు కావలె. ప్రోటీన్లను చేసే యంత్రం పేరు రైబోసోము. ఒక్కొక్క కణంలో ఇవి సుమారు 2 లక్షలు. బాగా మేత దొరికిన కణం 100 నిమిషాలలో రెండవుతుంది. అంటే నిమిషానికి 2000 యంత్రాలు కొత్తగా తయారు కావలె! ఈ లెక్క నేనే వేసి, నమ్మకం చాలక రెండవసారి వేసినాను. వార్నర్ అనే శాస్త్రజ్ఞుడు 1999లో ఇదే వ్రాసినాడు. పెరిగే కణం తీసే నకళ్లలో సగానికి మించి ఈ యంత్రాల కోసమేనట.

మరి చక్కెర అడుగంటితే? 1997లో డెరిసీ, అయ్యర్, బ్రౌన్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లో సరిగ్గా మా మామ గిన్నెనే పరీక్షకు పెట్టినారు. చక్కెర తరిగేకొద్దీ దాదాపు జన్యువులన్నింటి నకళ్లనూ లెక్కపెట్టినారు. సుమారు 710 జన్యువుల నకళ్లు రెండింతలకు పైగా పెరిగినవి. సుమారు 1030 జన్యువులవి సగానికి దిగువకు పడిపోయినవి. పడిపోయిన వాటిలో రైబోసోములవి ముఖ్యం. కణం కొత్త యంత్రాలు కట్టడం మాని, తాను లోగడ తయారుచేసి వదిలిన సారాయినే తిని బ్రతికే ఏర్పాట్లకు దిగుతుంది.

ఇది ఆకలి వల్లనా, పెరుగుదల మందగించడం వల్లనా అని సందేహం రావచ్చును. 2008లో ప్రిన్స్‌టన్‌లో ఆరు రకాల పోషకాలను ఒక్కొక్కటిగా కొరత పెట్టి చూచినారు. కొరత దేనిదైనా సరే, నాల్గవ వంతుకు మించిన జన్యువులు పెరుగుదల వేగాన్నే అనుసరించినవి.

మేత ఉన్నదని కణానికి చెప్పే కబురు కూడా 1991లో స్విట్జర్లండులోని బాసెల్‌లో దొరికింది. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి సురేంద్రనాథ్ సెహగల్ అనే భారతీయుడు కెనడాలో రాపమైసిన్ అనే మందును వెలికి తీసి ఉన్నాడు. ఆ మందు వేస్తే, ఎదుట చక్కెర ఉన్నా ఈస్టు ఆకలిగొన్నదానివలె ఆగిపోతుంది. అది దెబ్బకొట్టే జన్యువులను కనుగొన్నవారు హైట్‌మన్, రావు మొవ్వ, హాల్. (మొవ్వ అంటే క్షేత్రయ్య గారి ఊరే కదా అని నా మనసు పొంగింది.) ఆ జన్యువు మనుష్యులలోనూ ఉన్నది. మూత్రపిండం మార్చినవారికి ఈ మందును నేడు ఇస్తున్నారు.

2001 అక్టోబరులో హార్ట్‌వెల్‌కు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం ప్రకటించినారు. ఆ యేడు ఫిబ్రవరి 28న మన గనులు మూతపడినవి. మా నాన్న ఆ సాయంత్రం టిఫిను క్యారియరు గూటిలో పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. ఈస్టు కణానికి చక్కెర పూర్తిగా తీరకముందే కబురు అందుతుంది. మా ఇంట్లో మాత్రం, పుకార్లు ఎన్ని వచ్చినా, చివరి రోజుదాకా ఎవరూ నమ్మలేదు.

సారాయి కూడా అయిపోతే ఈస్టు విభజన మాని ఒదిగి కూర్చుంటుంది. చావదు. వారాల తరబడి అట్లే ఉండి, మళ్లీ చక్కెర నీళ్లు తగిలితే లేస్తుంది. మామ పోయిన తరువాత ఆయన డబ్బాలో మిగిలిన ఈస్టును నేను ఒకసారి నీళ్లలో వేసి చూచినాను. నురగ వచ్చింది, కొంచెం ఆలస్యంగా. ఆ మరునాడు నెల మొదటి తారీఖు. మారికుప్పం బండిలో బెంగుళూరు పనులకు పోయే మన పిల్లలు సీజను టిక్కెట్ల కోసం తెల్లవారకముందే వరుస కట్టి ఉన్నారు.