మట్టి అచ్చు, గాజునూలు, బంగారు రేకు

కొత్తవలస జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ళ గుళ్ళలో పసుపు పూసిన మోముతో, విప్పారిన కళ్ళతో ఎదుటివారిని సూటిగా చూసే అమ్మవారి రూపం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. ఆ చూపును ఆధునిక శిల్పంలోకి తెచ్చినవారిలో ప్రముఖుడు జి. రవీందర్‌రెడ్డి. 1956లో సూర్యాపేటలో పుట్టిన ఆయన బరోడాలో శిల్పం, లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లలో కళ, పింగాణీ పని అభ్యసించి, కొన్నేళ్ళు అహ్మదాబాద్ కనోరియా కళాకేంద్రంలో గడిపి, ఆ తరువాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు అధ్యాపకుడయ్యాడు.

ఆయన పనితనమంతా పదార్థాల కలయికలోనే ఉంది. ముందు బంకమట్టితో రూపం మలిచి, దానిపై అచ్చు తీసి, అందులో ఫైబర్‌గ్లాస్‌ను, అంటే రెసిన్ అనే జిగురుద్రవంతో తడిపిన గాజునూలు పొరలను, పరచి గట్టిపరుస్తారు. పడవలకు వాడే ఈ సరుకు దేవతామూర్తికి తగునా అనిపించవచ్చు గాని, తేలికగా ఉండడం వల్లనే మనిషిని మించిన తలలు సాధ్యమయ్యాయి. నున్నగా సానపట్టిన ఆ ముఖానికి నిగనిగలాడే రంగు, కొన్నిటికి బంగారు రేకు, కళ్ళకు తెలుపు నలుపులు, వెనుక పూలు తురిమిన కొప్పు. ముందునుంచి చూస్తే దేవత. వెనక్కి వెళితే, ఆ కొప్పు బజారులో ఎదురయ్యే మామూలు తెలుగు ఆడమనిషిది.