మేడ్చల్‌కు 21 బైట్లు

మేడ్చల్ అని ఇంగ్లీషులో రాస్తే కంప్యూటర్‌కు 7 బైట్లు చాలు. తెలుగులో రాస్తే 21 కావాలి. యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో మన అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177.

ఈ లెక్క కాగితం మీద వేసుకున్నది 2012లో. మేడ్చల్ రోడ్డు మీది ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్ చూసుకునేవాణ్ణి అప్పుడు. ఫలితాల రోజు పొద్దున్నే పిల్లలు గది ముందు గుమిగూడారు. "సార్, రిజల్ట్స్ ఓపెన్ అయితలేవ్." డేటాబేస్ మీద అనుమానంతో చూస్తే అది తీరిగ్గా ఉంది. ప్రాసెసర్‌ను తినేస్తున్నది పేజీలను కుదించి పంపే జీజిప్. అదే స్టైల్ షీటు, అదే జావాస్క్రిప్టు, అదే తెలుగు నోటీసు పేజీ. ఎవరు అడిగినా మళ్లీ మొదటి నుంచి కుదిస్తోంది. ఎంత కుదిస్తే అంత మేలని స్థాయిని 9కి పెట్టింది నేనే.

కుదించే విద్య పాతదే. వచ్చిన ముక్కే మళ్లీ వస్తే, దాన్ని తిరిగి రాయకుండా "ఇంత వెనక్కి వెళ్లి చూడు" అని గుర్తు పెట్టే పద్ధతిని 1977లో జివ్, లెంపెల్ ప్రచురించారు. ఆ దారిలోనే గైయి, ఆడ్లర్ 1992లో జీజిప్ తెచ్చారు. అది 32 కిలోబైట్ల దాకా వెనక్కి చూస్తుంది. ప్రతి మూడో బైటూ 224 అయిన తెలుగు పేజీకి ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు. 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలో, కుదించినది తనకు అర్థమవుతుందని బ్రౌజర్ ముందే సర్వర్‌కు చెప్పుకునే ఏర్పాటు ఉంది.

కుదించడం ఎలాగన్నది తేలింది గానీ, ఎప్పుడన్న ప్రశ్న మిగిలింది. మా చిన్నప్పుడు ఈ రోడ్డు వెంట ద్రాక్ష తోటలుండేవి. లారీ వచ్చి నిలబడ్డాక పెట్టెలు కట్టడం మొదలుపెట్టే రైతు ఉండడు. ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌కు జీజిప్ స్టాటిక్ అనే మాడ్యూల్ ఉంది. ఫైలు పక్కనే ముందే కుదించిన ప్రతి ఉంటే నేరుగా దాన్నే పంపిస్తుంది. ఆ మాడ్యూల్ మామూలుగా చేర్చి ఉండదు. నేను సర్వర్‌ను మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. ఆ రాత్రే చేశాను. స్థాయి 9 అలాగే ఉంచాను, ఫైలుకు ఒక్కసారే కదా ఆ శ్రమ.

వారం తిరిగేసరికి ఇంకో పాఠం. నోటీసులో తేదీ మార్చాను, కుదించిన ప్రతిని మార్చడం మరిచాను. పక్కన ప్రతి ఉందా లేదా అనే సర్వర్ చూస్తుంది. అది పాతదా కొత్తదా అని చూడదు. పిల్లలకు పాత తేదీయే కనిపించింది. అందుకే రెండు ఫైళ్ల సవరణ సమయం ఒకటే ఉండాలని ఎన్‌జిన్‌ఎక్స్ వాళ్లు సూచిస్తారు. నేను ఇప్పటికీ ఆ సమయాలు సరిచూస్తాను.

తరువాత గూగుల్ నుంచి బ్రోట్లీ అనే కుదింపు పద్ధతి వచ్చింది, 2016లో ప్రమాణమైంది. దాని పై స్థాయి 11 చాలా నిదానం, ముందే కుదించి దాచుకునే ఫైళ్లకే తగింది. అందులో ముందుగానే ఒక నిఘంటువు పొదిగి ఉంది. ఇంగ్లీషుతో పాటు హిందీ, అరబిక్ మాటలున్నాయి, తెలుగువి లేవు. అది నాకు బాధగానే ఉంటుంది.

షామీర్‌పేటలో ఇంటి నుంచి ఏ తెలుగు సైటు పైకి ఎక్కించినా నా స్క్రిప్టులో చివరి రెండు వరుసలు మారవు: ఒకటి జీజిప్‌కు, ఒకటి బ్రోట్లీకి.