కాళ్ళు పట్టే యంత్రానికి రెండు పుట్టిళ్ళు

ఎలక్ట్రానిక్స్ షాపుల్లో మిక్సీలు, ఇస్త్రీపెట్టెల సరసన కొన్నాళ్ళుగా ఓ కొత్త సరుకు చేరింది. ఒకటి కాళ్ళు రెండూ దూర్చి కూర్చునే బరువైన పెట్టె. ఇంకొకటి పిక్కలకు చుట్టుకునే, గొట్టాలు వేలాడే పట్టీల జత. రెంటినీ లెగ్ మసాజర్ అనే అమ్ముతారు. పొద్దుటినుంచి నిలబడి చీరలు విప్పి చూపించే సేల్స్‌గర్ల్స్, క్లాసు తర్వాత క్లాసు నిలబడే చెప్పే టీచర్లు, రాత్రయితే కాళ్ళు పీకుతున్నాయనే పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు కొనడానికి వస్తున్నారు. పేరు ఒకటే అయినా ఈ రెంటి పుట్టిళ్ళు వేరు. మొదటిది మర్దన చేసే చేతుల నుంచి పుట్టింది, రెండోది ఆస్పత్రి నుంచి వచ్చింది. ఏది ఎక్కడిదో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది.

చేతులు చేసిన పని చక్రాలకు

చరక సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయం దినచర్య చెబుతూ, పాదాలకు నూనె పట్టించి మర్దించడాన్ని విడిగా ప్రస్తావిస్తుంది. గరుకుదనం, బిగువు, అలసట, తిమ్మిరి తగ్గుతాయంటుంది. మన ఇళ్ళల్లో దానికి నూనె కూడా అక్కర్లేకపోయేది. పొలం నుంచి వచ్చి బోర్లా పడుకున్న తాతయ్య, మనవణ్ణి పిలిచి గోడ పట్టుకుని పిక్కల మీద మెల్లగా తొక్కమనేవాడు. ఆరేడేళ్ళ పిల్లాడి బరువు దానికి సరిగ్గా సరిపోతుంది. వాడి అడుగు మోకాలి వెనక గుంటలో పడితే మాత్రం "అక్కడ కాదురా, కిందకి!" అని కేక వినిపించేది. ఎంత బరువు పడాలి, ఎక్కడ పడాలి, ఎక్కడ పడకూడదు: తర్వాత యంత్రాలు చేసినవాళ్ళు తంటాలు పడ్డదంతా ఈ మూడింటితోనే.

ఆ తంటా స్వీడన్‌లో మొదలైంది. స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్థాపించిన వ్యాయామ సంస్థ, అంగమర్దననూ కసరత్తునూ ఒక వైద్య పద్ధతిగా నేర్పింది. కానీ రోగికొక మనిషి కావాలి, ఆ మనిషి చేతులు అలిసిపోతాయి. గుస్తావ్ జాండర్ అనే డాక్టరు ఆ చేతుల పని యంత్రాలకు అప్పగించాడు. 1865లో స్టాక్‌హోమ్‌లోనే ఆయన తెరిచిన సంస్థలో ఆవిరి యంత్రం తిరుగుతుంటే, బెల్టుల మీద నడిచే పరికరాలు ఒకటి పొట్టను పిసికేది, ఒకటి వీపును తట్టేది, ఇంకొకటి గుర్రం మీద కూర్చున్నట్టు ఊపేది. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనకు వెళ్ళాక వాటి పేరు ఖండాలు దాటింది. అయితే అవి హాలు నిండా పట్టే యంత్రాలు, ఇంట్లో పెట్టుకునేవి కావు.

ఇంటికి వచ్చినవాటిలో మంచీ ఉంది, మోసమూ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జెరాల్డ్ మకౌరా అనే ఆయన, చేత్తో పిడి తిప్పితే అదిరే ఒక ఇనుప పరికరాన్ని 'బ్లడ్ సర్క్యులేటర్' పేరుతో అమ్మాడు. అదురు ఒంటికి తగలగానే రక్తం పరుగెడుతుందని, నానా రోగాలు పోతాయని ప్రచారం. డాక్టరని చెప్పుకున్న ఆ పెద్దమనిషికి చివరికి 1914లో ఫ్రాన్స్ కోర్టు మోసం నేరం కింద జైలుశిక్ష వేసింది. పరికరం అదరడం నిజమే, దాని పేరు చెప్పి అమ్మిన వైద్యమే అబద్ధం. "రక్తప్రసరణ పెంచును" అన్న మాట ఈనాటి అట్టపెట్టెల మీద కనిపించినప్పుడు, దానికి నూరేళ్ళు దాటాయని గుర్తుంచుకుంటే చాలు.

స్నానశాలలో కుర్చీ

అసలు మలుపు జపాన్‌లో వచ్చింది. ఒసాకాకు చెందిన నొబువో ఫుజిమోటో పబ్లిక్ స్నానశాలలకు ఒళ్ళు తోముకునే బ్రష్షుల్లాంటి సామాన్లు అమ్మేవాడు. పనులు ముగించుకుని అక్కడికి వచ్చేవాళ్ళ నడుములు, భుజాలు ఎలా పట్టేసి ఉంటాయో రోజూ చూసేవాడు. 1954లో ఆయన తయారుచేసిన కుర్చీలో కొత్తగా పోతపోసిన భాగాలు తక్కువ. చెక్క చట్రం, సైకిలు గొలుసు, వేళ్ళకు బదులు మెత్తటి బేస్‌బాల్ బంతులు. పక్కనున్న చక్రం తిప్పితే బంతులు వీపు వెంట పైకీ కిందకీ జరిగేవి. పెద్దఎత్తున తయారై అమ్ముడైన తొలి మసాజ్ కుర్చీ అదే. జపాన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం 2014లో దాన్ని వారసత్వ యంత్రంగా గుర్తించింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో కుర్చీ కిందిభాగంలో పిక్కలు పట్టే గాడులు, అరికాలి కింద తిరిగే గుబ్బలు, అటూ ఇటూ నొక్కే గాలి సంచులు వచ్చి చేరాయి. ఆ కిందిభాగాన్ని విడిగా అమ్మితే ఎలా ఉంటుందో, షాపులోని బరువైన పెట్టె అలా ఉంటుంది. దాని పని కండను పిసకడం. బిగుసుకున్న కండ సడలుతుంది, హాయిగా ఉంటుంది, కాసేపు నొప్పి తెలియదు. అంతకు మించి ఆశించకూడదు.

పిక్కలో ఉన్న పంపు

రెండో పుట్టిల్లు అర్థం కావాలంటే కాలి లోపలికి వెళ్ళాలి. సిరల్లో రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలను ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1603లో ఒక పుస్తకంలో వర్ణించాడు. అవి రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయని 1628లో ఇంగ్లండ్ డాక్టరు విలియం హార్వే తేల్చాడు. మనం కదలకుండా నిలబడితే పాదం సిరలో ఒత్తిడి 90 మి.మీ. పాదరసం దాకా ఉంటుంది. నడక మొదలెడితే 30 కంటే కిందికి దిగుతుంది. అడుగేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, కవాటాలు దాన్ని కిందికి రానివ్వవు. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కేది నడిచినవాళ్ళకంటే కదలకుండా నిలబడ్డవాళ్ళకే ఎక్కువ కావడానికి కారణం ఇదే.

అమెరికాలోని టొలీడోలో కాన్రాడ్ జాబ్స్ట్ అనే ఇంజినీరు సిరల జబ్బుతో బాధపడేవాడు. ఈతకొలనులో నిలబడినప్పుడు కాళ్ళు తేలికపడటం గమనించాడు. నీళ్ళలో లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, అంటే చీలమండ దగ్గర ఎక్కువ, పైకి పోనుపోను తక్కువ. 1950 ప్రాంతంలో అదే లెక్కన మేజోళ్ళు నేయించాడు. వెరికోస్ వెయిన్స్‌కు డాక్టర్లు ఇప్పుడు రాసే బిగుతు సాక్సుకు మూలపురుషుడు ఆయనే. మేజోడు చేసే పనిని ఆగి ఆగి గాలి నింపుతూ చేస్తే అది పంపు అవుతుంది. ఆపరేషన్ అయినవాళ్ళ పిక్కలను ఇలా నొక్కితే లోపలి సిరల్లో రక్తపు గడ్డలు తగ్గుతాయని 1972లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. బ్రిటన్‌లో పక్షవాతం వచ్చి కదలలేని 2,876 మందిపై జరిగి 2013లో వెలువడిన క్లాట్స్-3 అధ్యయనంలో, ఇలాంటి పట్టీలు కట్టనివాళ్ళలో 12.1 శాతం మందికి గడ్డలు కనిపిస్తే, కట్టినవాళ్ళలో 8.5 శాతం మందికే కనిపించాయి. కోస్తా జిల్లాలను తరతరాలుగా వేధించిన బోదకాలు లాంటి వాపులకు వాడే పంపులూ ఈ కోవలోవే. ఆటగాళ్ళు తొడుక్కునే గాలి బూట్లు, షాపులోని గొట్టాల పట్టీలు వీటి పిల్లలు.

ఇక్కడే ఒక తిరకాసుంది. క్లాట్స్-3లో ఆ పట్టీలను 30 రోజుల దాకా, రాత్రింబవళ్ళు కట్టి ఉంచడమే నియమం. ఇంట్లో టీవీ చూస్తూ ఇరవై నిమిషాలు కట్టుకునే పట్టీకి ఆ ఫలితం అంటగట్టకూడదు.

ఏది ఎవరికి

పిక్కలు, అరికాళ్ళు పట్టేసినట్టు ఉండి, ఎవరైనా పిసికితే బాగుండుననిపిస్తే పెట్టె రకం తీసుకోవచ్చు. సాయంత్రానికి బరువు, కొద్దిపాటి పొంగు ఉంటే గాలి పట్టీలు నయం. మోకాలి కీలు అరిగిన నొప్పికి ఈ రెండూ మందు కావు.

పెట్టె కొనేముందు షాపులోనే కాళ్ళు పెట్టి ఒక విడత పూర్తిగా నడిపించాలి. లావుపాటి పిక్కలు కొన్ని గాడుల్లో పట్టవు, పొట్టివాళ్ళకు అంచు మోకాలి కింద గుచ్చుకుంటుంది. పాదానికీ పిక్కకూ విడివిడి మీటలు ఉండాలి, వేడిని ఆపేసే వీలుండాలి, లోపలి గుడ్డ జిప్పు తీసి ఉతుక్కునేలా ఉండాలి. పట్టీలకైతే చుట్టుకొలత, గొట్టం అతుకుల గట్టితనం, తనంతట ఆగిపోయే టైమరు చూసుకోవాలి. నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కితేనే పనిచేసినట్టు అనుకోవద్దు.

కొనకముందే డాక్టర్ని అడగాల్సినవాళ్ళు ఉన్నారు. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్ళకు వేడి తెలియక బొబ్బలు లేస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, గర్భిణులు, కాలిమీద పుండు ఉన్నవాళ్ళు, నడిస్తే పిక్క నొప్పెట్టి ఆగితే తగ్గేవాళ్ళు కూడా అడగాలి. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మాత్రం యంత్రమూ వద్దు, నూనె మర్దనా వద్దు. ఢిల్లీలో ఒక యువకుడికి చీలమండ దెబ్బకు వేసిన కట్టు విప్పాక నొప్పి తగ్గలేదు. తల్లి కాలు మర్దించింది, సిరలోని గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీసింది. 2017లో ఈ ఉదంతం వార్తల్లోకి వచ్చింది.

అలాంటి లక్షణాలేవీ లేకుండా, రోజంతా నిలబడినందుకే కాళ్ళు లాగుతుంటే మాత్రం, డబ్బు తీసేముందు ఒక వారం గంటకోసారి మడమలెత్తి దించుతూ పిక్కలను పనిచేయించి చూడండి. దాంతో బరువు దిగితే మీకు కావాల్సింది కదలిక, యంత్రం సరదా కోసం కొనుక్కోవచ్చు. దిగకపోతే ముందు డాక్టర్ని కలిసి కారణం తెలుసుకోండి, ఆ తర్వాతే షాపుకు వెళ్ళండి.